సర్వరోగ నివారిణి

మన ఊళ్లలో కంప్యూటర్‌కు వచ్చే రోగాలు సవాలక్ష, మందు మాత్రం ఒక్కటే. సిస్టం స్లో అయిందా? ఫార్మాట్ కొట్టాలి. ప్రింటర్ ఉలకడం లేదు, పలకడం లేదా? ఫార్మాట్ కొట్టాలి. బ్రౌజర్ తెరవగానే రమ్మీ ఆడమని పిలుపులొస్తున్నాయా, మౌస్ తనంతట తానే తిరుగుతోందా, ఫ్యాన్ మోత పక్కింటికి వినిపిస్తోందా? అన్నిటికీ అదే. ఫ్యాన్‌కు దుమ్ము పడితే బ్రష్ పెట్టి దులపాలి గదా అని మీరు అనబోతారు. "అదీ చేద్దాం సార్, ముందు ఒకసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం" అంటాడు కౌంటర్ వెనక కుర్రాడు.

హైదరాబాదులో 1920 నుంచి జిందా తిలిస్మాత్ తయారవుతోంది. జలుబుకీ దగ్గుకీ కడుపునొప్పికీ అదే సీసా. దాని మీద ఎన్ని జోకులు వేసుకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. తాగినవాడికి రోగం తగ్గినా తగ్గకపోయినా, వాడి పెళ్లి ఫొటోలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఫార్మాట్‌కు ఆ మొహమాటం లేదు.

మండల కేంద్రంలో జిరాక్స్ షాపు వెనక బల్ల దగ్గర మొదలుపెట్టి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల దాకా ఎక్కడ విన్నా సంభాషణ ఒకటే.

"డేటా ఏమైనా ఉందా సార్?"

"ఏం లేదు బాబూ. ఫొటోలు, ఫైళ్లు, అంతే."

"సి లో ఉన్నాయా, డి లో ఉన్నాయా?"

"సి లో నేనేం పెట్టను. అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి."

ఈ చివరి మాట అన్నవాడు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడైనా కావచ్చు, రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాసేవాడైనా కావచ్చు. ఇద్దరి నమ్మకమూ ఒక్కటే. డెస్క్‌టాప్ అనేది తెర మీద ఉంటుంది, సి డ్రైవ్ అనేది లోపలెక్కడో ఉంటుంది, ఒకదానికొకటి సంబంధం లేదు. నిజానికి డెస్క్‌టాప్ సి డ్రైవ్‌లో, యూజర్స్ అనే ఫోల్డర్‌లో, మీ పేరు మీదున్న ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్, అంతే. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అన్నీ అక్కడే కాపురం. పదేళ్లుగా ఆధార్ కార్డు, పాన్ కార్డు, పిల్లాడి టెన్త్ మెమో, పొలం పాస్‌బుక్ స్కాను, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఏవి దింపినా డౌన్‌లోడ్స్‌లోనే పడ్డాయి. "సి లో నేనేం పెట్టను" అన్నది అక్షరాలా నిజం. ఆయన ఏమీ పెట్టలేదు. అవే వెళ్లి కూర్చున్నాయి.

కుర్రాడికి ఈ సంగతి తెలుసు. తెలిసినవాడే కాబట్టి డెస్క్‌టాప్‌నూ డాక్యుమెంట్స్‌నూ తన పెన్‌డ్రైవ్‌లోకి లాగుతాడు. ఆ రెండూ లాగాక అతని ధర్మం తీరిపోయింది. యాప్‌డేటా అని ఒక దాపుడు ఫోల్డర్ ఉంటుంది. చూపించమంటే తప్ప విండోస్ చూపించదు. బ్రౌజర్‌లో దాచుకున్న బుక్‌మార్కులు అందులోనే. పాత అవుట్‌లుక్‌లైతే ఉత్తరాలన్నీ అందులోనే. డెస్క్‌టాప్ మీద పసుపు చీటీలు అంటించుకుని, వాటి నిండా పాస్‌వర్డులు రాసుకునే జాతి ఒకటుంది గదా. ఆ చీటీలు కనిపించేది డెస్క్‌టాప్ మీద, ఉండేది యాప్‌డేటాలో. అకౌంటుతో సింక్ పెట్టుకోకపోతే డెస్క్‌టాప్ మొత్తం కాపీ చేసినా ఒక్క చీటీ కూడా రాదు. ఐటీ రిటర్న్ గడువు చివరి రోజున పాస్‌వర్డు కోసం వెతుక్కునేటప్పుడు ఈ భూగోళశాస్త్రం చక్కగా వంటబడుతుంది.

డెస్క్‌టాప్ భక్తులు కానివాళ్లంతా డి డ్రైవ్ భక్తులు. ఈ మతానికి మూలపురుషుడు ఎవరో గానీ, అసెంబుల్డ్ కంప్యూటర్ల కాలంలో ప్రతి దుకాణదారుడూ ఈ దీక్ష ఇచ్చి పంపాడు. హార్డ్‌డిస్క్‌ను సి, డి, ఇ అని మూడు ముక్కలు చేసి, "సి మాది, డి మీది, విలువైనవి డి లో పెట్టుకోండి" అన్నాడు. అప్పటికి అది తెలివైన సలహానే. సి లో విండోస్ పాడైనప్పుడు దాన్ని ఒక్కదాన్నే తుడిచి మళ్లీ ఎక్కించుకోవచ్చు, డి జోలికి పోనక్కర్లేదు. లినక్స్ వాళ్లు హోమ్‌ను వేరే పార్టిషన్‌లో పెట్టుకునేదీ ఇందుకే. చిక్కల్లా ఎక్కడంటే, దీక్ష తీసుకున్నవాళ్లు డి ని ఇంకో డిస్క్ అనుకున్నారు. లోపల తిరిగే పళ్లెం ఒక్కటే. అది చచ్చిన రోజున సి, డి, ఇ ముగ్గురికీ తద్దినం ఒకే తిథిన.

ఇక అసలు ఘట్టం. పెన్‌డ్రైవ్ పెట్టి, ఎఫ్12 నొక్కి, నీలం తెర మీద "విండోస్ ఎక్కడ పెట్టమంటారు" అని అడిగే చోటు దాకా వచ్చాం. అక్కడ మన సి ఎక్కడుంది? డి ఎక్కడుంది? లేవు. ఆ జాబితాలో అక్షరాలుండవు. డిస్క్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, పార్టిషన్ 3, పక్కన ఎన్ని జీబీలో ఒక అంకె. సి, డి అనే పేర్లు విండోస్ లేచాక అది పెట్టుకునే ముద్దుపేర్లు. ఇన్‌స్టాలర్ దగ్గర అవి చెల్లవు. ఆ డ్రైవ్‌కు మీరు ముందే "డేటా" అనో "పిల్లల ఫొటోలు" అనో లేబుల్ పెట్టుకుని ఉంటే అదైనా కనిపించేది. పెట్టుకోలేదు. ఇప్పుడు 465 జీబీల డిస్క్‌లో దాదాపు ఒకే సైజు ముక్కలు రెండున్నాయి. ఒకదాంట్లో విండోస్ శవం, ఇంకోదాంట్లో మీ జీవితం. కుర్రాడు ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ రెండో చేత్తో డిలీట్ నొక్కుతున్నాడు. పార్టిషన్లు ఎక్కువై చిరాకేస్తే అన్నిటినీ డిలీట్ చేసి ఒక్కటే చేసేస్తాడు. "నీట్‌గా ఉంటుంది సార్."

నీట్‌గా ఉంటుంది. అందులో సందేహం లేదు.

విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 నుంచి ఇన్‌స్టాలర్ ఇంకో పద్ధతి నేర్చుకుంది. మొదట్లోనే ఒక చిన్న గడి చూపించి, ఫైళ్లు, యాప్‌లు, సెట్టింగులు సమస్తం చెరిగిపోవడానికి నాకు అంగీకారమే అని టిక్ పెట్టించుకుంటుంది. టిక్ పెడితే తప్ప ముందుకు పోనివ్వదు. పెట్టేది కుర్రాడు, పోయేది మీది. ఇంత సాఫీగా జరిగే ఆస్తి బదలాయింపు మన రిజిస్ట్రేషన్ శాఖలో కూడా చూడం.

ఇంతకూ ఫైళ్లు పోకుండా విండోస్‌ను మళ్లీ ఎక్కించే దారే లేదా? ఎందుకు లేదు, 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఆ పెట్టెలోనే ఉంది. అప్పుడు దాని పేరు రిఫ్రెష్. విండోస్ 10 నుంచి రీసెట్ దిస్ పీసీ. సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళితే రెండు మాటలు అడుగుతుంది: కీప్ మై ఫైల్స్, రిమూవ్ ఎవ్రీథింగ్. మొదటిది నొక్కితే విండోస్ కొత్తదవుతుంది, యూజర్స్‌లోని ఫొటోలూ కాగితాలూ ఉన్నచోటే ఉంటాయి. విండోస్ లేవలేని స్థితిలో ఉన్నా సరే, రెండు మూడు సార్లు లేవబోయి పడిపోయాక తానే ఒక రికవరీ తెర తెస్తుంది. ట్రబుల్‌షూట్‌లో ఇదే ప్రశ్న అక్కడా ఉంటుంది.

దానికంటే సాధువైన దారి ఇంకొకటి. విండోస్ కాస్తో కూస్తో లేస్తుంటే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఐఎస్‌ఓ ఫైలు దింపుకుని, విండోస్ లోపలే దాన్ని తెరిచి సెటప్ నొక్కితే, ఫైళ్లూ యాప్‌లూ రెండూ ఉంచనా, ఫైళ్లు మాత్రమే ఉంచనా, ఏమీ ఉంచవద్దా అని మర్యాదగా అడుగుతుంది. భాష, ఎడిషన్ ఒకటే అయి ఉండాలి, అది షరతు. ట్యాలీ ట్యాలీగానే, ఫాంట్లు ఫాంట్లుగానే ఉండగా కింద ఉన్న విండోస్ మాత్రం మారిపోతుంది. ఇప్పుడు విండోస్ 11లో ఇది కూడా అక్కర్లేదు, రికవరీ పేజీలోనే రీఇన్‌స్టాల్ నౌ అని ఒక బటన్ పెట్టారు. కానీ ఈ దయగల ద్వారం విండోస్ లోపలి నుంచి వెళ్లేవాళ్లకే తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వస్తే ఉండదు. మన ధన్వంతరులు ఎప్పుడూ పెన్‌డ్రైవ్ చేతబట్టుకునే వస్తారు గనక వాళ్లలో చాలామందికి ఆ ద్వారం కంటబడనే లేదు.

పెన్‌డ్రైవ్ నుంచే వచ్చారనుకోండి, అప్పుడైనా చావు రాసిపెట్టి లేదు. పాత విండోస్ ఉన్న పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా దాని మీదే నెక్స్ట్ నొక్కితే, పాత విండోసూ ప్రోగ్రాములూ మీ యూజర్స్ ఫోల్డరూ కలిపి విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి మూట కట్టి పక్కన పెడుతుంది. మీ ఫొటోలు అందులో సలక్షణంగా ఉంటాయి. ఈ మూట గురించి ఎవరూ చెప్పరు. చెప్పకపోగా, "ఈ ఓల్డ్ ఏదో 40 జీబీ తింటోంది సార్, తీసేస్తున్నా" అని తుడిచేసి, స్థలం మిగిల్చినందుకు మెప్పు కూడా పొందుతారు. వాళ్లు తుడవకపోయినా పది రోజులు చూసి విండోస్ తానే ఊడ్చేస్తుంది. మన ఇళ్లలో కర్మ పదో రోజుకు పూర్తవుతుందని మైక్రోసాఫ్ట్ వాళ్లకు ఎవరు చెప్పారో.

మరి ఇన్ని దారులుండగా ఫార్మాటే ఎందుకు? కుర్రాణ్ని తిట్టేముందు అతని లెక్క చూడండి. రోజుకు పది యంత్రాలు బల్ల మీదికి వస్తాయి. ఫార్మాట్ అయితే అరగంట, లోపలి దారిలో వెళితే పాత డిస్క్ మీద రెండు మూడు గంటలు. చార్జీ రెండింటికీ అదే. పైగా ఫార్మాట్ కొట్టాక మళ్లీ ఏమైనా తేడా వస్తే "హార్డ్‌వేర్ ప్రాబ్లం సార్" అని తప్పుకోవచ్చు. ఫైళ్లు ఉంచి రిపేరు చేశాక తేడా వస్తే "అప్పుడే ఫార్మాట్ కొట్టమన్నాను గదా" అని మీరే అంటారు. కొత్త విండోస్ మొదటి రెండు వారాలు జింకలా దూకుతుంది గనక మీకూ సంతోషమే. వైరస్ విండోస్ ఎముకల్లోకి దిగినప్పుడు, అమ్మేసేటప్పుడు, మొత్తం తుడవడమే సరైన పని. దాంట్లో నాకు పేచీ లేదు. జలుబు చేసినవాణ్ని కూడా ఆపరేషన్ థియేటర్‌లోకి తోయడం దగ్గరే పేచీ.

ఇక్కడ కంపెనీ పక్షాన ఒక మాట నిజం చెప్పుకోవాలి. కీప్ మై ఫైల్స్ అన్నది ఫైళ్లనే ఉంచుతుంది. మీరు ఎక్కించుకున్న ప్రోగ్రాములు పోతాయి. ఊరికే పోవు, ఏవేం పోయాయో ఒక జాబితా రాసి డెస్క్‌టాప్ మీద పెట్టి పోతాయి. ఆ జాబితా చదివి గుండె ఆగేది ఎవరికంటే డీటీపీ సెంటర్ వాళ్లకు. పెళ్లి శుభలేఖ ఫైళ్లు పాతికేళ్లవి భద్రంగా ఉన్నాయి. కానీ పేజ్‌మేకర్ లేదు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 తర్వాత అడోబీ ఇంకో వెర్షన్ తేలేదు. మనవాళ్లు మాత్రం దాన్ని ఇంకా రిటైర్ చేయలేదు. ఆ సీడీ ఎవరి దగ్గరుందో ఓనర్‌కు గుర్తులేదు, సీడీ దొరికినా పెట్టడానికి కొత్త ల్యాప్‌టాప్‌కు నోరే లేదు. అను స్క్రిప్ట్ మేనేజర్ లేదు. ఫాంట్లు విండోస్ ఫోల్డర్ లోపల ఉంటాయి గనక వాటిని కాపీ చేయాలని ఎవరికీ తట్టలేదు. అవి యూనికోడ్ రాకముందు పద్ధతిలో నడిచే ఫాంట్లు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెడతారు. ఫాంట్ పోతే "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి" అన్న చోట ఏ గ్రహభాషో కనిపిస్తుంది. ఫైలు పోలేదు. చదివేవాడే పోయాడు. ఏం పోయిందని వినియోగదారుల కోర్టులో చెప్పుకుంటారు?

ట్యాలీ కథ ఇంకా రమ్యం. కిరాణా హోల్‌సేల్ దుకాణం, ఏడేళ్ల లెక్కలు, జీఎస్‌టీ రిటర్నులు. కుర్రాడు జాగ్రత్తపరుడు, ఓనర్ పేరు మీదున్న యూజర్ ఫోల్డర్ మొత్తం కాపీ చేశాడు. ట్యాలీ ప్రైమ్ మాత్రం తన డేటాను ఓనర్ పేరు మీద పెట్టదు, ఎవరూ చూడని పబ్లిక్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. పాత ఈఆర్‌పీ 9 అయితే సి డ్రైవ్ గుమ్మంలోనే సొంత ఫోల్డర్ వేసుకుంటుంది. లోపల కంపెనీల పేర్లుండవు. 10000, 10001 అని అంకెల ఫోల్డర్లు. చూసినవాడికి చెత్తలా కనిపించాలని ప్రత్యేకంగా పేర్లు పెట్టారేమో అనిపిస్తుంది. కోటి రూపాయల టర్నోవరు 10001 అనే పేరుతో పడుకుని ఉంటే, పిల్లల కార్టూన్ బొమ్మలు పిక్చర్స్ అనే పేరుతో గౌరవంగా పెన్‌డ్రైవ్ ఎక్కి బతికిపోయాయి.

అదంతా సందు చివరి దుకాణంలో జరిగే చిల్లర నేరమనీ, కంపెనీ వాళ్లయితే ఇలా చేయరనీ అనుకునేవాళ్ల కోసం 2018 అక్టోబరు 2 గుర్తుచేయాలి. ఆ రోజు మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి 1809 అనే పెద్ద అప్‌డేట్ వదిలింది. ఎక్కించుకున్న కొందరికి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్నవి మాయమయ్యాయి. నాలుగు రోజులు తిరక్కముందే అప్‌డేట్‌ను ఆపేశారు. ఫైళ్లు పోయాయని చెప్పినవాళ్లు ఒక శాతంలో నూరో వంతు మాత్రమేనని కంపెనీ లెక్క తేల్చింది. ఆ నూరో వంతులో ఉన్నవాడికి పోయింది మాత్రం నూటికి నూరు శాతం. ఎందుకు పోయాయి? తమ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను సి నుంచి ఇంకో డ్రైవ్‌కు మళ్లించుకున్న ముందుచూపు గలవాళ్లవి పోయాయి. మళ్లించాక సి లో మిగిలిన పాత ఫోల్డర్ ఖాళీగా ఉంటుందని అప్‌డేట్ నమ్మి తుడిచేసింది. ఖాళీగా లేని చోట ఉన్నవాటితో సహా తుడిచేసింది. ఏమీ పట్టించుకోకుండా అన్నీ సి లోనే వదిలేసినవాడికి ఆ దెబ్బ తగల్లేదు. డి డ్రైవ్ దీక్ష పుచ్చుకున్న ఆచారవంతుడికే తగిలింది. విడుదలకు ముందు పరీక్షించే ఇన్‌సైడర్లు ఈ సంగతి ముందే మొరపెట్టుకున్నారు కూడా. ఆ మొరకు ఓట్లు తక్కువ పడ్డాయి గనక ఎవరికీ వినిపించలేదు. తర్వాత ఫిర్యాదు ఫారంలో నష్టం ఎంత తీవ్రమో చెప్పే గడి చేర్చారు. సరిచేసిన అప్‌డేట్ నవంబరు 13న వచ్చింది. ఇంత జరిగినా ఆ కుర్రాడిలా ఎవరూ ముఖాముఖి "సారీ సార్, పోయింది" అని తల గోక్కోలేదు. ఆ మేరకు మన దుకాణమే నయం.

ఫైళ్లు పోవడమొక్కటే కాదు, ఉండి కూడా అందకపోవడం ఈ మధ్య వచ్చిన కొత్త వినోదం. ఇప్పుడు విండోస్ 11ను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లోపలికి వెళితే, హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్క్ దానంతటదే తాళం వేసుకుంటుంది. దొంగల నుంచి రక్షణ, మంచిదే. తాళంచెవి 48 అంకెల సంఖ్య. అది అకౌంటులో దాచి ఉంటుంది. ఏ అకౌంటు? ఇదే అడగవలసిన ప్రశ్న. ల్యాప్‌టాప్ కొన్న రోజున సార్‌కు మెయిల్ ఐడీ పాస్‌వర్డు గుర్తురాలేదు. "నాది పెట్టి ఓపెన్ చేస్తాను సార్" అని దుకాణంలో ఎవరో ఒక కుర్రాడు తన ఐడీతో తెరిచిచ్చాడు. అతను ఆ దుకాణం మానేశాడు, ఫోన్ నంబరు మారింది, ఆ ఐడీ పాస్‌వర్డు అతనికే గుర్తులేదు. రెండేళ్ల తర్వాత ఒక అప్‌డేట్ బెడిసికొట్టి నీలం తెర మీద 48 అంకెలు అడుగుతున్నప్పుడు, మీ ఆస్తికి వారసుడు ఎవరో తెలుస్తుంది. డిస్క్ క్షేమం, ఫైళ్లు క్షేమం, మీరు బయట.

"అందుకే సార్ క్లౌడ్‌లో పెట్టుకోవాలి" అంటారు. విండోస్ కూడా అదే అంటుంది, రోజూ అంటుంది. ఏదో ఒక రోజు విసుగొచ్చి సరే నొక్కితే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మారిపోతాయి. ఉచితం 5 జీబీ. ఒక్క పెళ్లి వీడియోకు చాలదు. నిండాక డబ్బు కట్టమని ఎర్ర గుర్తు. డబ్బు కట్టినవాడిది ఇంకో చిక్కు. స్థలం ఆదా కోసం కొన్ని ఫైళ్లను పేరు మాత్రం ఇక్కడ ఉంచి, ఒళ్లు క్లౌడ్‌లో పెడుతుంది. పక్కన చిన్న మబ్బు బొమ్మ ఉంటుంది. విండోస్ లేవడం లేదని డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూస్తే పేర్లన్నీ కనిపిస్తాయి, మబ్బు బొమ్మ ఉన్నది ఒక్కటీ తెరుచుకోదు. కనిపిస్తుంది, లేదు. అద్వైతం ఇంత సులువుగా మన ఆచార్యులెవరూ బోధించలేకపోయారు.

పాతకాలంలో ఇన్ని తప్పులు చేసినవాడికి కూడా ఒక ప్రాయశ్చిత్తం ఉండేది. తిరిగే హార్డ్‌డిస్క్‌ను క్విక్ ఫార్మాట్ చేస్తే ఫైళ్ల చిట్టా పోయేది గానీ సరుకు అక్కడే ఉండేది. దాని మీద కొత్తది రాయకుండా వెంటనే ఆపేస్తే, ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాము పెట్టి చాలావరకు ఏరుకోవచ్చు. పేర్లు పోయి 00457 లాంటి అంకెలతో వస్తాయి, అయినా ముఖాలు గుర్తుపట్టొచ్చు. ఇప్పుడు స్పీడు కోసం అందరం ఎస్‌ఎస్‌డీ వేసుకున్నాం. ఇందులో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఫైలు చెరిపారనో ఫార్మాట్ చేశారనో తెలిస్తే, ఆ గళ్లను ముందే శుభ్రం చేసి పెట్టుకుంటుంది, మళ్లీ రాయడం వేగంగా జరగాలని. క్షణాల్లో అంతా శుద్ధి. డేటా రికవరీ అని బోర్డు పెట్టినవాడి దగ్గరికి పరుగెత్తుకెళ్లినా, దొరకదని చెప్పడానికే ఇన్‌స్పెక్షన్ చార్జీ తీసుకుంటాడు. మనం కోరుకున్న వేగమే అది. సిస్టం ఎంత త్వరగా తెరుచుకుంటుందో, పోయేవీ అంత త్వరగా పోతాయి.

ఈ ఫార్మాట్ వ్యాపారానికి ఈ మధ్య సీజన్ కూడా వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇళ్లలో వాడుకునేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయన్నారు గానీ, ఆ మాట ఎంతమంది చెవినబడింది? విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసర్ జాబితాలో ఉండాలి. నిక్షేపంగా నడుస్తున్న కంప్యూటర్లకు రాత్రికి రాత్రి అర్హత పోయింది. అర్హత లేకపోయినా అడ్డదారిలో 11 ఎక్కించేస్తామని దుకాణాలు పోటీలు పడుతున్నాయి. ఎలా ఎక్కిస్తారో వేరే చెప్పాలా? అర్హత ఉన్న కంప్యూటర్‌కైతే అప్‌గ్రేడ్ నొక్కితే ఫైళ్లూ ప్రోగ్రాములూ చెక్కుచెదరకుండా మారేవి. దాన్ని కూడా "ఫ్రెష్‌గా వేద్దాం సార్" అనే తీసుకెళ్తున్నారు. దుకాణం పెన్‌డ్రైవ్‌లో ఉన్న విండోస్‌లో ఎవరెవరు ఏమేం కలిపారో, యాంటీవైరస్ ఆపి మరీ ఎక్కించే యాక్టివేటర్ ఎవరి కోసం పనిచేస్తోందో అడగడం అమర్యాద. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొనుక్కుంటే మైక్రోసాఫ్ట్ దగ్గరినుంచే అసలు సరుకు ఉచితంగా వస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు మదర్‌బోర్డును గుర్తుపట్టి తానే యాక్టివేట్ అవుతుంది. కానీ ఊరికే వచ్చేదానికి మనవాళ్లు విలువ ఇవ్వరు.

ఇక బాధ్యత సంగతి. దుకాణం ఇచ్చే చీటీ అడుగున సన్నటి అక్షరాల్లో "డేటాకు మా బాధ్యత లేదు" అని ఉంటుంది. మనకు కోపం వస్తుంది. విండోస్ లైసెన్సు ఒప్పందం తీసి చూడండి, అదే మాట పేజీల కొద్దీ, పెద్ద లాయర్ల చేత రాయించి ఉంటుంది. నష్టం ఏదైనా మీరు సాఫ్ట్‌వేర్‌కు కట్టిన సొమ్ముకు మించి అడగడానికి లేదు, ఊరికే పొందినదైతే 50 డాలర్లకు మించి లేదు. తాతగారి షష్టిపూర్తి ఫొటోలకు 50 డాలర్లు. చీటీ అచ్చేయించిన మన దుకాణదారుడికి ఇంగ్లీషు రాదనుకున్నాం గానీ, సారాంశం పట్టేశాడు.

అందరూ తప్పుకున్నాక మిగిలేది ఓనర్‌గారు. ఆయన మాత్రం బ్యాకప్ తెలియనివాడా? ఒక ఫైలు రెండుచోట్ల ఉండాలనీ, రెండోది వేరే డిస్క్‌లో ఉండాలనీ, విండోస్ లేవకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఫైళ్లు తీసుకోవచ్చనీ, ఎవరికైనా యంత్రం అప్పగించేముందు కాపీ చేసినవాటిలో నాలుగు తెరిచి చూసుకోవాలనీ ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేశాడు! చేయడమే కాదు, పండగ సేల్‌లో ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొన్నాడు. ఆ రాత్రే కూర్చుని పదిహేనేళ్ల ఫొటోలన్నీ అందులోకి ఎక్కించాడు. ఎక్కించాక, సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంది గదా అని, ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేశాడు. ఇప్పుడు ఆయనకు నిశ్చింత. కావలసినంత ఖాళీ ఉంది, ఫార్మాట్ ఎప్పుడైనా కొట్టుకోవచ్చు, అంతా బ్యాకప్‌లో ఉంది. బ్యాకప్ ఎక్కడుంది సార్ అని అడిగితే, "ఎక్కడికీ పోకుండా ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెట్టా" అన్నాడు. బ్యాగు ఎక్కడుంది సార్ అంటే, ఆటో దిగిన దగ్గర్నుంచి దానికోసమే వెతుకుతున్నాడట.